పెండ్లికొడుకు కింది చెక్క

రామన్నపేటలో లేతు మిషిను పెట్టిన యాదగిరి ఆ పొద్దున వేసుకున్న లెక్క చిన్నదే. మిల్లు ఇరుసు చేసివ్వాలి, తానం చేయాలి, పక్కింట్లో మగ్గం నేసే ధర్మయ్య బిడ్డ ఆండాళు పెండ్లిలో కడుపునిండా తినాలి. ఇరుసు కాకుంటే తిండీ లేదు. పెండ్లి వడ్లన్నీ, ఇరుసు విరిగి ఆగిన ఆ మిల్లులోనే ఉన్నాయి మరి.

ఇరుసు లావు. దాన్ని పట్టి తిప్పాలంటే మిషినుకు పిడికిలిలా ఉన్న చిన్న ఇనుప చక్కు విప్పి పెద్దది ఎక్కించాలి. చిన్నదే అయినా దూడంత బరువు. యాదగిరి ఇంజను ఆపి, బెల్టు తీసి, చక్కు కింద పెట్టే చెక్క కోసం చూశాడు. పని నేర్పిన ఉస్తాదు చేసిచ్చిన చెక్క అది. అడుగున మిషిను మీద జారకుండా గాడులు, పైన చక్కు ఒదిగే గుంట. వేరే చెక్క పనికిరాదు. ఉన్న ఒక్కటీ కనిపించలేదు.

"ధర్మయ్య మామోళ్ల పెండ్లిపీట పగిలిందట. కడిగి, పసుపు రాసి నేనే ఇచ్చిన," అంది భార్య లీలమ్మ.

యాదగిరి పందిట్లోకి పోయేసరికి పెండ్లికొడుకు పరమేశ్వర్ దాని మీదే కూర్చొని పూజ చేస్తున్నాడు.

"ఇరుసు అయిందా?" అని ధర్మయ్య ఎదురొచ్చాడు.

"చెక్క లేక ఆగింది మామా."

"చెక్కేడ పోయింది?"

"నీ అల్లుని కిందున్నది."

"పూజ నడుమ ఎట్ల లేపుతరురా? పా, నేనొచ్చి ఆ చక్కును చేతులతోటి పట్టుకుంట."

"దాని కింద చెయ్యి పెడితే, రేపటి సంది మగ్గం కాళ్లతోటే నేయాలె నువ్వు."

పరమేశ్వర్ హైదరాబాదులో లేతు మీదే పనిచేస్తాడు. ఈ పీట ఇంత సుఖంగా ఎందుకుందో అతనికి అప్పుడు తెలిసింది. కిందికి చేయి పోనిచ్చి గాడులు తడిమి, లేచి నిలబడ్డాడు.

"పిల్లగాడు అలిగిండు," అన్నది ఒక ముసలమ్మ. ఇక చూడాలి. ఒకరు షర్బతు తెచ్చారు. ఒకరు చేతి గడియారం విప్పారు. పెద్దమనిషి ఐలేశమైతే ధర్మయ్యను అడగకుండానే ధర్మయ్య సైకిలు ఇచ్చేశాడు. పరమేశ్వర్ అవేవీ పట్టించుకోకుండా చెక్క చంకన పెట్టుకొని నడిచాడు. వెనక పెండ్లివారు, వాళ్ల వెనక ఊరేగింపు మొదలైందనుకొని వాయించుకుంటూ సన్నాయివాళ్లు.

ముందే వచ్చిన యాదగిరి లేతు కొట్టు గడపలో అడ్డం నిలబడ్డాడు. "బాసింగం, దండ, కండువ అవతల పెట్టి రా తమ్మీ. మిషిను తిరిగితే కండువను గుంజుకుంటది, కండువతోటి నిన్ను."

పిల్లగాడు బాసింగం విప్పాడు. అది చూసి పెండ్లి ఆగిందనుకున్న ఆండాళు తల్లి ఉప్పలమ్మ అక్కడే కూలబడింది. ఆమె కూలబడే లోపే ఆ కబురు కట్టంగూర్ చేరిందంటారు.

చక్కు కింద చెక్క సర్ది, యాదగిరి మర విప్పసాగాడు. ధర్మయ్యకు ఓపిక చచ్చిపోయింది. "జల్ది కానియ్, నేను పట్టుకుంటున్న," అంటూ చక్కు కిందికి చేయి చాపాడు. పరమేశ్వర్ మామ రెక్క పట్టి వెనక్కి గుంజాడు. చక్కు దబ్బున చెక్క మీద పడింది. గోడ సున్నం రాలింది, సన్నాయి ఆగింది. ధర్మయ్య తన వేళ్లు ఒక్కొక్కటే ముట్టి చూసుకున్నాడు.

ఇరుసు తయారైంది, మిల్లు తిరిగింది, పురోహితుడు ఇంకో లగ్నం వెతికాడు. చెక్క మళ్లీ పందిట్లోకి తీసుకపోదామా అని ఎవరో అడిగారు.

"పెద్ద చక్కు మళ్ల ఇప్పాలె గద," అన్నాడు ధర్మయ్య. "ఆ చెక్కను జరిపినోనికి నా ఇంట్ల అన్నం లేదు."

తక్కిన తంతంతా పరమేశ్వర్ బియ్యం బస్తా మీద కూర్చొని కానిచ్చాడు. ఆ పెండ్లి ఫొటో చూసినవాళ్లు పిల్లగాడు మంచి పొడుగని ఇప్పటికీ అంటారు.