బసవపున్నయ్య తొట్టికి మిరపతోట వైద్యం

తొంభై మూడులో తనకు జరిగిన నష్టానికి కారణం తోడల్లుడు బసవపున్నయ్యేనని వెంకటప్పయ్య అడిగినవాళ్ళకూ చెబుతాడు, అడగనివాళ్ళకూ చెబుతాడు. మణుగూరు ఎండల్లో, కాలనీ క్వార్టర్లో సముద్రం పెట్టుకునేవాణ్ణి ఏమనాలి? ఇంజనీరైన బసవపున్నయ్య తూత్తుకుడి నుంచి బదిలీ మీద వస్తూ అద్దాల తొట్టి, ఉప్పునీళ్ళు, ఏడు రంగురంగుల చేపలు వెంట తెచ్చుకున్నాడు. అందులో ఒక్కటీ కూరకు పనికొచ్చేది కాదు.

మామగారు ఇద్దరల్లుళ్ళకూ కలిపి ఇచ్చిన చేలో రోడ్డు పక్క ముక్క ఎవరిదో నాలుగేళ్ళుగా తేలలేదు. మిరపకాయలు ఎండబోసే కల్లానికి అది తనకే కావాలని వెంకటప్పయ్య పట్టు. ఒక ఉదయం భార్యతో సహా ఇరవై రోజుల ట్రైనింగ్‌కు బొంబాయి బయలుదేరుతూ బసవపున్నయ్య తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

"అన్నా, నేనొచ్చేసరికి తొట్టి ఎట్లున్నది గట్లనే ఉంటే రోడ్డు ముక్క నువ్వే తీస్కో. వాగు పక్కది నేను తీస్కుంట."

పొద్దున ఒకసారి మేత చల్లడమే పని. మూడో రోజు, వేలెడంత నీలం చేప ఒకటి పెద్ద చేపల వెంటపడి ఒళ్ళంతా కొరుకుతూ కనిపించింది. అవేమో కదలకుండా నిలబడి కొరికించుకుంటున్నాయి. పెద్దవాళ్ళు మెత్తగా ఉంటే చిన్నవాళ్ళు ఎలా పీక్కు తింటారో వెంకటప్పయ్యకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నీలం చేపను పట్టి, తొట్టి నీళ్ళతోనే ఒక గాజు జాడీలో వేరు పెట్టాడు.

వారం తిరిగేసరికి మిగతా చేపల మీద రవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి. అవి రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోసాగాయి. భార్య రాఘవమ్మ వచ్చి తొట్టినీ జాడీనీ మార్చి మార్చి చూసింది.

"అది కొరకలేదయ్యా, పేలు చూసింది. మళ్ళ అండ్లనే వెయ్."

చేప చేపకు పేలు చూడటం ఐదో తరగతి దాకా తానెక్కడా చదవలేదని వెంకటప్పయ్య కొట్టిపారేసి, పురుగుమందుల కొట్టుకు నడిచాడు. కూరకు రాని చేపలకు మందంటే నవ్వుతారని, మచ్చలు పడ్డాయని మాత్రం చెప్పాడు. కొట్టు చందూలాల్‌కు మచ్చలంటే మిరపతోటే.

"పైన పడ్డయా, కింద పడ్డయా?"

"రెండు పక్కలా."

చందూలాల్ మైలుతుత్తం పొట్లం కట్టిచ్చాడు. ఇంత తొట్టికి ఇంతేనని లెక్కేసుకుని, వెంకటప్పయ్య రోజు విడిచి రోజు చిటికెడు కలిపాడు. పది రోజుల్లో మచ్చలు పోయి చేపలు తళతళలాడాయి. అయితే రాళ్ళ మీద ఎర్రగా, పచ్చగా అల్లుకున్న పాచి కుళ్ళి కంపు కొట్టింది. వెంకటప్పయ్య రాళ్ళన్నీ బయటికి తీసి, కొబ్బరిపీచుతో పళ్ళు తోమినట్టు తోమి, నీలం చేపతో సహా మళ్ళీ సర్దిపెట్టాడు. రోడ్డు ముక్కలో హద్దుకు పాతడానికి రాతి కడీలు కూడా దింపించాడు.

బసవపున్నయ్య వచ్చి చేపలను లెక్కపెట్టాడు. ఏడూ ఉన్నాయి. మురిసిపోయి వెంకటప్పయ్య భుజం తట్టబోతూ రాళ్ళ వంక చూశాడు. చెయ్యి గాల్లోనే ఆగింది.

"రాళ్ళ మీదియేవి అన్నా?"

"పాచి. నున్నగా తోమిన."

"పాచి గాదే. పగడాలు. ప్రాణమున్నయి. చేపలు పోతే మళ్ళ కొందు. వాటిని తొమ్మిదేండ్లు పెంచిన."

రాళ్ళకు ప్రాణముంటదని తనకెవరు చెప్పారని వెంకటప్పయ్య చాలాసేపు వాదించాడు. రాఘవమ్మ చెల్లెలి పక్కకు చేరింది. కడీలు వాగు పక్కకు తోలించారు.

చేపలకు పూర్తిగా నయమైంది. వెంకటప్పయ్యకు పోయింది పినపాక రోడ్డు పక్క పద్నాలుగున్నర గుంటలు.