మూడు మూలలది కనబడుటలేదు

రిటైరైన బస్సు డ్రైవరుగారు ఆ రోజు పొద్దున్నే, పళ్లు తోముకుంటూనే తన కార్యక్రమం ప్రకటించారు: పదింటికల్లా తెర మీద ఎర్ర త్రిభుజం, మధ్యాహ్నానికి చక్రం, బస్సు రేపు. ఎంత పెద్ద బస్సయినా కంప్యూటరు బొమ్మల్లో త్రిభుజాల అతుకేనని పుస్తకంలో ఉంది. ముప్పై ఏళ్లు నడిపిన బస్సును ఇంట్లో కూర్చుని మళ్లీ నడపాలని రిటైరైన మర్నాడే ఆ పుస్తకం పట్టారు. ఉడుంపట్టు. నలభై రోజులైంది. త్రిభుజం ఇంకా డిపో దాటలేదు.

చిక్కేమిటంటే, కంప్యూటరు కూర్చున్నది ఆయన భార్య గుడ్డలు కత్తిరించే బల్ల మీద. నలభై రోజులుగా టైలరమ్మ నేల మీద వంగి కత్తిరిస్తోంది. ఆయన పైకి చదివే పాఠమంతా ఆమె చెవిలో పడుతూనే ఉంది.

“ఏమండీ, సాయంత్రం ఆరింటిదాకా ఆగుతాను,” అంది నడుము పట్టుకుని. “మూడు మూలలతో ఏదైనా కనబడిందా, బల్ల మీకే. లేదా, ఆ పెట్టె అటకెక్కుతుంది.”

“ఆరెందుకే, పదింటికే చూపిస్తా!”

పదయింది. తెర నల్లగా ఉంది. ఈ విద్యలో యంత్రం సెకనుకు అరవైసార్లు తెర తుడిచి, అరవైసార్లు మళ్లీ గీస్తుంది. అంటే పది నుంచి పదకొండు దాకా అది రెండు లక్షల పదహారు వేలసార్లు ఏమీ గీయలేదన్నమాట. అంత కష్టపడి ఏ పనీ చేయని యంత్రం భూప్రపంచంలో ఇంకోటి ఉండదు.

వెలుతురెక్కువై కనబడటం లేదేమోనని డ్రైవరుగారు కిటికీలు మూశారు. దీపాలు ఆర్పారు. చాలక, ఎవరి కోటుకో తెచ్చిన నల్లగుడ్డను తెర మీంచి తన తల దాకా కప్పుకున్నారు. మరీ చిన్నదై కంటికి ఆనటం లేదేమోనని కొలతలు రెండు వందల రెట్లు పెంచారు. నలుపు చెక్కు చెదరలేదు. ఆయన పట్టుదలా చెదరలేదు.

చీకటి ఇంటిని చూసి కరెంటు పోయిందనుకున్న పక్కింటి పిన్నిగారు ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకొచ్చింది.

“ఏం పోయింది డ్రైవరుగారూ?” అన్నాడతను.

“త్రిభుజం,” అంది నల్లగుడ్డ.

“ఎంతుంటుంది?”

“పొద్దున చిన్నదే. ఇప్పుడు రెండు వందల రెట్లు చేశా.”

“రంగు?”

“ఎరుపు.”

“ఆఖరుసారి ఎప్పుడు చూశారు?”

“నేనింకా చూడనే లేదు!”

ఎలక్ట్రీషియన్ పిన్నిగారి వంక చూసి తన కణత మీద వేలితో తట్టాడు. పిన్నిగారి మనసు మాత్రం కరిగింది. “పాపం, ఏ పతకమో పారేసుకుని ఉంటారు.” ఆ మాట మెట్లెక్కింది. మొదటి అంతస్తులో పతకం, రెండో అంతస్తులో ఎర్రరాయి పతకమైంది. మూడో అంతస్తు చేరేసరికి, డ్రైవరుగారి ముత్తాత పులిని కుస్తీలో ఓడించి రాజుగారి చేత అందుకున్న పతకమైంది. నాలుగింటికి పదకొండుమంది ఎలక్ట్రీషియన్ టార్చి వెలుగులో ఆ గది నేల మీద పాకుతున్నారు. టైలరమ్మ గుండుసూదుల్లో సగం వాళ్ల మోకాళ్లకే దొరికాయి.

ఆరుకు పది నిమిషాలుందనగా పిన్నిగారు గుడ్డముక్కల బుట్టలోంచి కేక పెట్టింది. “దొరికింది! ఇదేనా అన్నయ్యగారూ?”

డ్రైవరుగారు నల్లగుడ్డ లాగేసి తల బయట పెట్టారు. మూడు మూలల గుడ్డముక్క. “ఎరుపేదమ్మా? వెలిసిపోయింది కదా!”

“వెలిసిపోలేదు,” అంది టైలరమ్మ విసుగ్గా. “అది లోపలివైపు. లోపలివైపు ఎవరు చూస్తారని?” అని ముక్కను తిప్పింది. ఎర్రగా మెరిసింది.

డ్రైవరుగారి నోరు తెరుచుకుంది. కనబడని వీపువైపు రంగు వేయడం దండగ, వద్దని యంత్రానికి చెప్పవచ్చని పుస్తకంలో ఉంది. దండగ అన్న మాట వినగానే ఆయన వద్దని చెప్పేశారు. మరి ఏది ముఖమో యంత్రానికి తెలిసేది మూలలు చెప్పే వరుసను బట్టి. గడియారం ముల్లుకు ఎదురుగా చెబితే ముఖం, ముల్లు వెంట చెబితే వీపు. డ్రైవరుగారు ముల్లు వెంటే చెప్పారు. ముప్పై ఏళ్లు కూడలి చుట్టూ బస్సు తిప్పిన దారి అదే మరి!

“ఎదురు తిప్పాలటే! నా సర్వీసులో ఒక్కసారైనా రాంగు రూటులో వెళ్లానా?”

“బల్ల కావాలా, సర్వీసు కావాలా?”

ఆయన కళ్లు మూసుకుని రెండు మూలలు తారుమారు చేశారు. చీకటి గదిలో తెరంతా భగ్గున ఎర్రబడింది.

“మంటలు!” అని ఎలక్ట్రీషియన్ ఒక్క గెంతుతో మెయిను స్విచ్చి లాగేశాడు.

మళ్లీ కరెంటిచ్చి, కంప్యూటరు లేచి, తెర ఎర్రబడేసరికి ఆరుకు రెండు నిమిషాలు.

“చూశావా?” అన్నారు డ్రైవరుగారు రొమ్ము విరిచి.

“ఎరుపు చూశాను. మూలలేవీ?”

రెండు వందల రెట్లు పెంచిన త్రిభుజం మూలలు ఆ వేళకు ఏ పక్కవీధిలో ఉన్నాయో! డ్రైవరుగారు పుస్తకం గబగబా తిరగేశారు. ఏది ఎక్కడ దిద్దాలో తోచలేదు.

“లేవండి అవతలికి,” అని టైలరమ్మ కుర్చీలో కూర్చుంది. వదులు చొక్కా బిగించినంత తేలిగ్గా కొలతలు తగ్గించింది. సరిగ్గా ఆరింటికి, నల్లటి తెర నడుమ, ఎర్రటి త్రిభుజం మూడు మూలలతో నిలబడింది. పదకొండుమందీ చప్పట్లు కొట్టారు.

“గెలిచానే! బల్ల నాదే!” అని డ్రైవరుగారు కుర్చీ దగ్గరికొచ్చారు.

“ఉండండి,” అంది ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా. “దీనికి ఇంకో ముక్క అతికితే చదరమవుతుంది కదా?”

ఇది జరిగి నెలైంది. బల్ల మీద బస్సుకు కిటికీలు పడుతున్నాయి. నేల మీద డ్రైవరుగారు చొక్కాలకు కాజాలు కుడుతున్నారు, గడియారం ముల్లు వెంటే.