లేచినవాడే చివరివాడు

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన పరిపాలనా పద్ధతులన్నిటిలోకీ ఉత్తమమైనది సెర్బియాలో మా ఊరి ఆసుపత్రి క్యూ. చీటీ లేదు, నంబరు లేదు. వచ్చినవాడు "చివర ఎవరు?" అని కేకేసి, చెయ్యెత్తినవాడి ముఖం గుర్తుపెట్టుకుని కూర్చుంటాడు. కుర్చీలోంచి లేచినవాడు మళ్లీ చివరివాడవుతాడు. (ఒక్క మాట అడిగి వెళ్లిపోతామనేవాళ్లకు ఈ నియమం వర్తించదు. వాళ్లు అరగంట అడుగుతారు.)

రిటైరైన బస్సు డ్రైవరు ల్యుబిషాకు షుగరు పాతదే, దానికిచ్చిన మాత్రే కొత్తది. అది మింగినప్పటి నుంచి ఆయన కడుపు ఎవరి మాటా వినడం లేదు. మాత్ర మార్పించుకోవాలంటే డాక్టరును చూడాలి. డాక్టరును చూడాలంటే కదలకుండా కూర్చోవాలి. నిన్నా మొన్నా వంతు దగ్గరపడేసరికి లేచి పరుగెత్తాడు. ఇవాళ భూమి బద్దలైనా లేవనని ఒట్టు పెట్టుకున్నాడు.

కడుపు గుడగుడలాడింది. పక్క కుర్చీలో నూనె కారే బురెక్ రొట్టె తింటున్న వుకోసావా ఉలిక్కిపడింది.

"కిటికీ గాలి కొట్టింది, అన్నయ్యా! నీ కడుపులోకి దూరింది. ఎవరయ్యా అక్కడ, ఆ కిటికీ మూసెయ్యండి!"

"వద్దమ్మా, తెరిచే ఉంచండి. మీ మంచికే చెబుతున్నా."

కిటికీ గాలిని మించిన జబ్బు లేదని నమ్మే జనం మేము. కిటికీ మూశారు. కాసేపటికి వాళ్లే తెరిచారు.

"పోనీ వెళ్లి రారాదూ? నీ కుర్చీ నేను చూస్తాలే" అంది వుకోసావా, ముక్కుకు కొంగు లేక చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నిన్నా అదే అన్నావు, తల్లీ. వచ్చేసరికి మీ మరిది కూర్చుని ఉన్నాడు."

"పాపం, వాడు ఒక్క మాట అడగడానికే వచ్చాడు!"

ల్యుబిషా పళ్లు బిగించి, తాను నడిపిన బస్సు స్టాపులన్నీ మనసులో వరసగా చెప్పుకున్నాడు. ఎక్కడా బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. చివరికి పిలుపు వచ్చింది.

"ఈయన పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా లేవలేదండీ" అని నర్సు దెసాంకా మెచ్చుకోలుగా చెప్పింది.

డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది. "చూశారా! కడుపు అలవాటు పడుతుందని నేను ముందే చెప్పాను. ఇంకేమైనా ఇబ్బందా?"

మాట్లాడాలంటే పట్టు సడలించాలి. ల్యుబిషా మాట్లాడలేదు.

"భేష్. మాత్ర బాగా పడింది. ఇకనుంచి పూటకు రెండు వేసుకోండి."

ల్యుబిషా మరుగుదొడ్డి దాకా పరుగెత్తాడు. తలుపు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. పద్ధతి పద్ధతే.

"చివర ఎవరు?" అన్నాడు.

బురెక్ నూనె అంటిన చెయ్యి వుకోసావా ఎత్తింది.