చదువుకున్నవాళ్ళ చేత రాయించండి

ఆ రోజు పొద్దున చిట్టి తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా పిల్లకి తల దువ్వి, డబ్బా కట్టి, దాని డైరీలో టీచరుకి రెండే రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాసి పంపాలి. దువ్వడం, డబ్బా కట్టడం పావుగంట పని. ఆ రెండు వాక్యాలకి మాత్రం మూడు వారాలు పట్టింది.

మూడు వారాల కిందట కూడా ఒకసారి రాసింది. పిల్లకి కడుపునొప్పి, అందుకే బడికి పంపలేదు, మన్నించండి అని. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచం పడితే, ఇంటి పనంతా నెత్తిన పడి ఆగిపోయిన చదువు ఆమెది. అయినా బుర్రలో మిగిలిన ఇంగ్లీషంతా ఊడ్చి కూడగట్టి నాలుగు వరసలు రాసింది. మర్నాడు డైరీ తిరిగొచ్చింది. నాలుగు వరసల్లో తప్పుల చుట్టూ ఏడు ఎర్ర సిరా సున్నాలు. కింద, ఈవిడకి అర్థం కాదేమోనని కాబోలు, శుభ్రమైన తెలుగులో: "ఇంట్లో చదువుకున్నవాళ్ళ చేత రాయించండి."

ఆ టీచరు ఎదురుగా నిలబెట్టి తిట్టినా పడేది. కానీ ఆ మాటని పిల్ల వేలు పెట్టి, కూడబలుక్కుని, పైకి చదివింది. చదివి తలెత్తి, "అమ్మా, మనింట్లో చదువుకున్నవాళ్ళెవరే?" అనడిగింది. అక్కడ కాలింది ఆమెకి.

చిట్టి తండ్రి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. కొత్త సంవత్సరానికి దుకాణం యజమాని పనివాళ్ళకి తలా ఒక క్యాలెండరు ఇచ్చాడు. రోజుకో కాగితం చించుకునే రకం. కాగితం ముందువైపు మామూలు మనుషులెవరూ వాడని ఇంగ్లీషు మాట ఒకటి. వెనకవైపు దాని తెలుగు అర్థం. అడుగున చిన్న అక్షరాలతో, "నేర్చిన మాటను ఈ రోజే వాడండి" అని హుకుం. అంతవరకూ అది గోడకి ఊడిన పెచ్చు కనపడకుండా అడ్డంగా వేలాడేది. ఎర్ర సున్నాలు పడిన రోజున ఆమె కుట్టు మిషను పక్కకి మారింది. దిండు గలీబు అంచు కుడుతూ ఒక మాట, బొత్తాలు వేస్తూ అదే మాట.

వాడమన్నారు సరే, ఎవరి మీద వాడాలి? ఇంట్లో ఉన్నది అత్తగారే. ఒకరోజు ఆవిడకి ఎక్కిళ్ళు వస్తుంటే, "మీకు సింగల్టస్ వచ్చిందత్తయ్యా" అంది కోడలు. ఆ పెద్దావిడ గుండెల మీద చెయ్యి వేసుకుని, "ఇంకెన్నాళ్ళుంటానే?" అనడిగింది. ఎక్కిళ్ళు మాత్రం ఠక్కున ఆగిపోయాయి. చదువుకి ఇంత శక్తి ఉంటుందని చిట్టి తల్లికి ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు ఈ రోజు సంగతి. చిట్టి నిన్న సాయంత్రం నుంచి తుమ్ముతోంది. క్లాసులో దాని చోటు సరిగ్గా ఫ్యాన్ కింద. పొద్దున్నే క్యాలెండరు కాగితం చించి చూస్తే, "స్టెర్న్యుటేషన్." వెనక్కి తిప్పితే, "తుమ్మడం." ఆమెకి ఒళ్ళు జలదరించింది. ఆ క్యాలెండరు అచ్చువేసినవాడెవడో తన కోసమే వేశాడనుకుంది. చిత్తు కాగితం మీద మూడుసార్లు రాసి, అక్షరం అక్షరం వేలితో సరిచూసుకుని, డైరీలో ఎక్కించింది: "చిట్టికి నిన్న సాయంత్రం నుంచి స్టెర్న్యుటేషన్ ఉంది. దయచేసి ఫ్యాన్ కింద కూర్చోబెట్టవద్దు." చించిన కాగితాన్ని ముద్దుగా మడిచి పర్సులో పెట్టుకుంది.

"ఇవాళ సున్నా ఎక్కడ చుడతావో చుట్టు" అంది గట్టిగా.

"నన్నేనా?" అంది లోపల్నుంచి అత్తగారు.

పదిన్నరకి ఫోను మోగింది. బడి ఆయా. "అమ్మా, చిట్టి వాళ్ళమ్మగారేనా? మీరు ఉన్నపళంగా రండి. పాప సంగతి."

"ఏమైంది? పడిందా?"

"ఫోన్లో చెప్పేది కాదమ్మా. పెద్ద మేడంగారు చెప్తారు. మీ ఇంట్లోవాళ్ళు కూడా కాస్త ఊపిరి జాగ్రత్త."

ఊపిరి జాగ్రత్త! పిల్ల దగ్గితే క్షయ అనీ, ఎక్కువసేపు పడుకుంటే స్పృహ తప్పిందనీ అనుకునే మనిషి చిట్టి తల్లి. కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే అంగుస్తానా అలాగే ఉండగా పరిగెత్తింది. వెనకాల అత్తగారు, "చెప్పులు వేసుకోనీవే, నా మనవరాలు కాదా అది!" అంటూ ఒకటే చెప్పుతో.

బడి గేటు దగ్గర అప్పటికే పదిమంది తల్లులు. రెండో తరగతి పిల్లలంతా ఎండలో మైదానంలో చేతులు దూరం చాపి నిలబడ్డారు. క్లాసు గదిలోంచి ఫినాయిలు వరదలా మెట్లు దిగుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆయా ఆమెని విరిగిన బెంచీలు పడేసే గది కిటికీ దాకా తీసుకెళ్ళింది. లోపల చిట్టి ఒక్కతే, చుట్టూ సుద్దముక్కతో గీసిన పెద్ద గీత. గీత మధ్యలో కూర్చుని ఏనుగు బొమ్మ వేసుకుంటోంది.

"అమ్మా! నాకు ఇవాళ లెక్కలు లేవు!" అంది సంబరంగా.

"దగ్గరికెళ్ళకండమ్మా" అంది ఆయా.

"పిల్ల బాగానే ఉందిగా!"

"పైకి బాగానే కనిపిస్తుందమ్మా. అదేనట ఆ జబ్బు గుణం."

హెడ్మిస్ట్రెస్ గదిలో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ ఇంగ్లీషులో పెద్ద చదువు చదివిన మనిషి. ఆ పట్టా ఫ్రేము కట్టించి, కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళకి సూటిగా తగిలేట్టు పెట్టించింది. పక్కన రెండో తరగతి టీచరు, కోటు జేబులో ఎర్ర కలం.

"ఏమ్మా, ఇంత జబ్బు పెట్టుకుని పిల్లని బడికి పంపుతారా? ముప్ఫై ఎనిమిది మంది పిల్లలున్నారు ఆ క్లాసులో!" అంది హెడ్మిస్ట్రెస్.

"ఏ జబ్బండీ?"

"మీకు తెలీదా? నిన్నటి నుంచీ ఉందట!"

నిన్నటి నుంచీ! నిన్న రాత్రి పిల్ల ఒక ముద్ద తక్కువ తింది. తను దిండు గలీబుల తొందరలో పట్టించుకోలేదు. చిట్టి తల్లి ఉండబట్టలేక అడిగింది: "పేరేంటండీ దానికి?"

హెడ్మిస్ట్రెస్ టీచరు వైపు చూసింది. టీచరు పట్టా వైపు చూసింది. "పేరుతో మీకేం పని లెండి, భయపడతారు" అంది హెడ్మిస్ట్రెస్.

"నయమవుతుందా అండీ?"

"తొందరగా కనిపెడితే... అవ్వాలి మరి."

అత్తగారు అక్కడే కూలబడింది. "మా వంశంలో ఎవరికీ లేదమ్మా ఇలాంటిది. నీ పుట్టింటివైపు ఉందేమో కనుక్కో!" అంది కోడలితో.

"ఇప్పుడా అత్తయ్యా నా పుట్టిల్లు!"

"మాకు మాత్రం ఎలా తెలుస్తుంది చెప్పండి? ఎవరో డాక్టరుగారు డైరీలో రాసి పంపబట్టి సరిపోయింది" అంది టీచరు. "ఆ ఇంగ్లీషు చూస్తేనే తెలుస్తోంది, బాగా చదువుకున్న మనిషని."

డాక్టరా? తను ఏ డాక్టరుకీ చూపించలేదు. అత్తగారు వీధి చివర దాకా కూడా ఒక్కతే వెళ్ళదు. అంటే ఆయనే చూపించాడు. నిన్న సాయంత్రం పిల్లని బయటికి తిప్పుకొస్తానని తీసుకెళ్ళింది అందుకే! ఆమె వరండాలోకొచ్చి ఫోన్ చేసింది.

"ఏవండీ, నిజం చెప్పండి. నిన్న పాపని ఎక్కడికి తీసుకెళ్ళారు?"

అవతల అద్దాలు అరగదీసే చక్రం ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావని. ఎవరికీ చెప్పొద్దని పాప కూడా ఒట్టేయించుకుంది. ఒక్కసారేలే అనుకున్నా..."

"దానిక్కూడా తెలుసా!" ఆమె ఏడుపు వరండా దాటి మైదానంలోకి వినపడింది. అవతల ఏదో అద్దం భళ్ళున పగిలింది. "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు చిట్టి తండ్రి.

ఆ ఏడుపు విన్న తల్లులు గేటు తోసుకుని లోపలికొచ్చారు. ఒకావిడ తన కొడుకు నాలుక చాపించి చూసింది. ఇంకొకావిడ నుదుళ్ళు పట్టుకు చూస్తూ వరసంతా నడిచింది. హెడ్మిస్ట్రెస్ బయటికొచ్చి, ఆ పిల్లని మూడు వారాలు బడికి రానివ్వమనీ, తిరిగి రావాలంటే పెద్దాసుపత్రి కాగితం తేవాలనీ అందరికీ వినపడేలా ప్రకటించింది. కిటికీలోంచి చిట్టి, "మూడు వారాలు లెక్కలుండవా?" అంది.

చిట్టి తల్లికి ఏడుపు ఆగిపోయింది. అంతమంది ఎదుట తన పిల్లని "ఆ పిల్ల" అన్నారు. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ డాక్టరు చీటీ చూపించండి. పెద్దాసుపత్రికి దాన్నే తీసుకెళ్తా."

ఆయా ప్లాస్టిక్ సంచీలో మూటగట్టిన డైరీని పటకారుతో పట్టుకొచ్చి, టేబులు మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసింది. చిట్టి తల్లి మూట విప్పింది. పేజీ తిప్పింది. చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇది నేను రాశాను" అంది.

"అది కాదమ్మా, డాక్టరుగారు రాసింది" అంది టీచరు ఓపిగ్గా.

"నేనే రాశాను. ఇదిగో, ఈ గీత దగ్గర మా పాప మోచెయ్యి తగిలి పెన్ను జారింది."

"మీరా?" ఆ ఒక్క మాటలో ఏడు ఎర్ర సున్నాలూ ఉన్నాయి. "ఒక్క తప్పు లేదే!"

"లేదు. మూడుసార్లు చూసుకున్నా." ఆమె డైరీని హెడ్మిస్ట్రెస్ ముందుకి జరిపింది. "పిల్లని గదిలో పెట్టి గీత గీశారు. మూడు వారాలు రావద్దన్నారు. మా అత్తగారిని నేల మీద కూలదోశారు. సరే. ఈ మాటకి అర్థం ఏంటో చెప్పండి."

అసలు జరిగింది తర్వాత ఆయా చెబితే తెలిసింది: పొద్దున టీచరు ఆ మాట చూసి, అడిగితే పరువు పోతుందని, డైరీ తెచ్చి హెడ్మిస్ట్రెస్ ముందు ఊరికే పెట్టింది. హెడ్మిస్ట్రెస్ చూసి, "ఓ, అదా!" అంది. "అంటుకుంటుందా మేడం?" అని టీచరు అడిగితే, "అంటుకోకుండా ఉంటుందా!" అంది. అక్కడి నుంచి ఇద్దరికీ అడగడానికి వీల్లేకపోయింది. చాటుగా ఫోనులో వెతుకుదామంటే, ఆయా అప్పటికే డైరీని మూటగట్టేసింది. ఆ పొడుగు మాటలో ఏ అక్షరం తర్వాత ఏదో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.

"అంటే... సందర్భాన్ని బట్టి..." అంది హెడ్మిస్ట్రెస్.

"సందర్భం ఫ్యాను" అంది చిట్టి తల్లి. పర్సులోంచి మడతపెట్టిన కాగితం తీసి, పట్టా ఫ్రేము కిందే, టేబులు మీద, వెనకవైపు పైకి కనపడేలా పెట్టింది. ఇద్దరూ వంగి చదివారు. చదివాక కూడా కాసేపు అలాగే వంగి ఉన్నారు.

సరిగ్గా అప్పుడే చిట్టి సుద్ద గీత దాటుకొచ్చి, గుమ్మంలో నిలబడి, ఫినాయిలు వాసనకి ఒక పెద్ద తుమ్ము తుమ్మింది.

"అదీ" అంది చిట్టి తల్లి.

"తుమ్మా?" అత్తగారు నేల మీంచి ఒక్క ఉదుటున లేచింది. "తుమ్ముకి ఇంత రాద్ధాంతమా? నా కొడుకు పని మానుకుని వస్తున్నాడే!"

వచ్చాడు. చొక్కానిండా అద్దాల పొడితో రొప్పుతూ వచ్చి, ఎవరూ అడక్కముందే ఒప్పేసుకున్నాడు. "ఐస్‌క్రీమే! ఒక్కటే కొనిపెట్టాను. ఒట్టు!"

"రెండు, నాన్నా" అంది చిట్టి.

అతని సంగతి ఇంటికెళ్ళాక చూడాలని చిట్టి తల్లి మనసులో రాసుకుంది. ఇక్కడి సంగతి ఇంకా తేలలేదు. "ఈ మాట మీకు తెలీకపోవడం తప్పు కాదు మేడం" అంది టీచరుతో. "ఇవాళ పొద్దుటి దాకా నాకూ తెలీదు. మూడు వారాల కిందట నాకు ఇంగ్లీషు తెలీదని మీరు ఎర్ర సిరాతో రాసి పంపారు. నేను మీకేం రాయలేదు."

టీచరు చెయ్యి ఎందుకో జేబులోని కలాన్ని లోపలికి నొక్కింది. హెడ్మిస్ట్రెస్ వరండాలోకి వెళ్ళి, పరీక్షించి చూశామనీ, ప్రమాదం తప్పిందనీ తల్లులకి ప్రకటించింది. నిజంగా ఏదో ప్రమాదం తప్పించినట్టే వాళ్ళందరూ ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టారు. అది చూసి చిట్టి తల్లికి మళ్ళీ మండింది.

సాయంత్రం డైరీ ఇంటికొచ్చింది, ఫినాయిలు వాసనతో. పొద్దుటి ఉత్తరంలో సున్నా ఒక్కటీ లేదు. కింద ఎర్ర సిరాతో, "ఇకపై సులువైన మాటల్లో రాయగలరు" అని ఉంది.

కుట్టు మిషను ముందు కూర్చుని ఆమె చాలాసేపు ఆలోచించింది. ఆ తర్వాత ఆ ఎర్ర సిరా మాటల కిందే, శుభ్రమైన తెలుగులో రాసింది: "అలాగేనండి. ఎప్పుడైనా అర్థం కాని మాట తగిలితే, మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళ చేత చదివించుకోండి."

చిట్టి వేలు పెట్టి, కూడబలుక్కుని, పైకి చదివింది. "అమ్మా, టీచరింట్లో చదువుకున్నవాళ్ళెవరే?"

"తెలీదమ్మా. రేపు కనుక్కుని రా."

"మరి మనింట్లో?"

ఆమె ఏదో చెప్పబోయేలోగా లోపల్నుంచి అత్తగారు, "ఇంకెవరే, నీ తల్లే! నన్ను రెండుసార్లు చంపినంత పని చేసింది ఆ చదువుతో!" అంది. చిట్టి తల్లి ఆ పూట దిండు గలీబు ఒకటి తలకిందులుగా కుట్టింది. విప్పి మళ్ళీ కుట్టడానికి కూడా ఆమెకి విసుగు రాలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చిన చిట్టి చెప్పినదాన్ని బట్టి, టీచరు డైరీ చదివి మాట్లాడకుండా మూసేసిందట, పిల్లని మాత్రం ఎప్పటిలాగే ఫ్యాన్ కింద కూర్చోబెట్టిందట.