పెనుబల్లిలో అంతర్జాతీయ సీడీ ముఠా

"ఈ దేశంలో అపరాధ పరిశోధన నాతోనే ఆగిపోతుందేమోనని నా బెంగ," అని ఊరి డిటెక్టివ్ ఉదయ్ భాస్కర్ గంభీరంగా ప్రకటించేసరికి, ముస్తకీమ్ బల్ల కింద దూరి పోయిన సీడీ వెతుకుతున్నాడు.

పెనుబల్లి సెంటర్లో ముస్తకీమ్‌ది కంప్యూటర్ రిపేరు షాపు. బతుకుతెరువు కొత్త మిషన్లతో, ప్రేమ మాత్రం పాతవాటితో. లోకం పారేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఏరుకొచ్చి ప్రాణం పోయడం అతని పిచ్చి. అందులో ఒక ముసలి మిషను సీడీ వేస్తేగానీ లేవదు. ఇంకో కాపీ తీద్దాం తీద్దామని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు, ఈలోగా ఉన్న ఒక్కటీ పోయింది.

ఉత్త సీడీ అయితే పీడా పోయిందనుకునేవాడు. హేమ్లా అనే పెద్దాయన పాడగా టైపు చేసిన కోయ పెళ్లిపాటలన్నీ ఆ మిషన్లోనే ఉన్నాయి. ఇంకెక్కడ తెరిచినా ఆ అక్షరాలు చీమలు పాకినట్టుంటాయి. హేమ్లా ఇప్పుడు లేడు. ఎల్లుండి ఆయన మనవరాలి పెళ్లి. తండ్రి పాటల కోసం చండ్రుగొండ అవతలి గూడెం నుంచి వచ్చిన మంగ్లి, పొద్దుటినుంచీ బెంచీ మీదే కూర్చుంది. ఆమె ముఖం చూడాలంటే ముస్తకీమ్‌కి సిగ్గుగా ఉంది.

"ఇది అంతర్జాతీయ ముఠా పని," అన్నాడు ఉదయ్ భాస్కర్, భూతద్దంతో టీ గ్లాసును పరీక్షిస్తూ.

"దాంతోని ముఠాకేం పనన్నా? అది వాడేటోళ్లు దేశం మొత్తంల పదిమంది లేరు."

"చూశావా, అనుమానితులు పదిమందే. సగం కేసు తేలిపోయింది."

ముస్తకీమ్ తల్లి అమీనా బీ ఏదో చెప్పబోతే, సాక్షులు పిలిచినప్పుడే నోరు విప్పాలని ఉదయ్ భాస్కర్ ఆమెను కూర్చోబెట్టాడు. అంతలో ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు మోపెడ్ మీద పోతూ కనిపించాడు. ఆ ఎండలో తువ్వాలు చుట్టుకోనివాడే ఊళ్లో లేడని డిటెక్టివ్‌గారి బుర్రకి తట్టలేదు. ముస్తకీమ్ బండి మీద ఇద్దరూ వెంటపడ్డారు.

మూడు కిలోమీటర్లు పోయాక మలుపులో నేరస్థుడు మాయం. అడ్డదారిన పట్టుకుంటానని ఉదయ్ భాస్కర్ పక్కనున్న మొక్కజొన్న చేలోకి దూకాడు. ఏదో దారం కాలికి తగిలి బోర్లా పడ్డాడు. చిలకలు రాకుండా చేను చుట్టూ వేలాడగట్టిన సీడీలన్నీ ఆయనతోపాటు జలజలా రాలాయి. ముస్తకీమ్ చేతిరాత ఉన్న సీడీ అతని కాళ్ల ముందే పడింది.

చేను ఆసామి సీతయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. "మీ అమ్మే ఇచ్చింది గద, పనికిరానియని. పాలకంకి మీదున్న చేను. దారమంతా తెంపిండు, ఇప్పుడు చిలకల్ని ఎవరు తోల్తరు?"

ముస్తకీమ్ సీడీ తీసుకున్నాడు. డిటెక్టివ్‌ని అక్కడే వదిలేశాడు.

షాపులో, ఎండకి మాడిన ఆ సీడీతో ముసలి మిషను మూడోసారికి లేచింది. ముస్తకీమ్ ముందు కాపీ తీశాడు, అప్పుడు పాటలు తెరిచాడు. మొదటి చరణం తప్పుల తడకగా చదువుతుంటే మంగ్లి ఆపింది. "మా అయ్య గట్ల అనడు," అని కళ్లు మూసుకుని తనే అందుకుంది. ముస్తకీమ్‌కి కళ్లు చెమర్చాయి.

అంతలో ఫోను మోగింది. "అనుమానితులు ఆకుపచ్చగా ఉన్నారు, గుంపులుగా ఎగిరొస్తున్నారు," అన్నాడు ఉదయ్ భాస్కర్, డబ్బా వాయిస్తూ. "నేనుండగా ఒక్క గింజ పోదని సీతయ్యకి మాటిచ్చాను. అన్నం మాత్రం జల్దీ పంపించు."