ఆకుపేట ఉత్త నీళ్ళు

ఒక పెద్ద అడవిలో, కొండ వాలున, ఆకుపేట అని ఓ చిన్న ఊరు. చిన్నదే గానీ దానికో మున్సిపాలిటీ ఉంది. మున్సిపాలిటీకి చైర్మన్ ఉన్నాడు. చైర్మన్‌కి బావమరిది ఉన్నాడు. అంటే ఊరికి ఉండవలసినవన్నీ ఉన్నట్టే.

చైర్మన్ బొరియప్ప పందికొక్కు. బావమరిదీ పందికొక్కే, కాంట్రాక్టరు. చెరువు నుంచి ఊళ్ళోకి వెదురు గొట్టం వేయించి ఇంటింటికీ కుళాయి పెట్టింది వాళ్ళే. ఆ గొట్టం మురుగు కాలువ దాటే చోట, దాని కింద మన్ను తోడేసి గాదెలు కట్టుకున్నదీ వాళ్ళే. కింద మన్ను లేక గొట్టం కుంగింది. కుంగి పగిలింది. పగులులోంచి కాలువ తీరిగ్గా లోపలికి దిగింది.

ఇదేం రహస్యం కాదు. సంతకు వెళ్ళేవాళ్ళంతా ముక్కు మూసుకుని ఆ పగులు దాటుకునే వెళ్ళేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఇప్పచెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడత ఉండేది. ఒక్కతే కూతురు, గింజ. చారలమ్మది తక్కువ మాట. మిగతా ఉడతలు కాయలు దాచుకుంటే ఈవిడ మాటలు దాచుకుంటుందని పక్క కొమ్మ మీది గోరింక ఎగతాళి చేసేది.

గింజకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. తోక ఎత్తలేకపోతోంది. ఉడతపిల్ల తోక ఎత్తడం లేదంటే ఇక చెప్పడానికేం మిగల్లేదు.

చెట్టు మొదట్లో కలుగులో ఉండే కుందేలు పిల్లకు కూడా ఇలాగే మొదలైంది. ఇప్పుడు ఆ కలుగు దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

వడ్రంగిపిట్ట డాక్టరు వచ్చాడు. గింజ పొట్ట మీద టకటకా కొట్టి చూశాడు.

"నీళ్ళ వల్లేనా డాక్టరుగారూ?" అంది చారలమ్మ.

డాక్టరు అటూ ఇటూ చూశాడు. ఆయన ఉండేది మున్సిపాలిటీ వారి చెట్టులో.

"నీళ్ళు మంచివని రిపోర్టు ఉందమ్మా. నీళ్ళు మంచివైనప్పుడు లోపం ఎక్కడుండాలి? పిల్ల కడుపులో ఉండాలి."

"మరి కుందేలు పిల్లకి?"

"దానికీ కడుపులోనే లోపం. అలాగే రాసిచ్చాను."

చారలమ్మ పిల్లను గోరింకకు అప్పగించి, లోటాతో కుళాయి నీళ్ళు పట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళింది.

బొరియప్ప రెండు బుగ్గల్లోనూ వేరుశెనగలు నింపుకుని కూర్చున్నాడు. "రా తల్లీ, రా. ఏమిటి కష్టం?"

చారలమ్మ లోటా ఆయన ముందు పెట్టింది. బొరియప్ప కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఈ రంగేమిటండీ?"

"వెదురు గొట్టం కదమ్మా. వెదురు రంగు దిగుతుంది."

"వాసన?"

"వెదురు వాసన."

"అందులో ఈదుతున్నది?"

బొరియప్ప తొంగి చూశాడు. "వెదురు పురుగు. దానివల్ల బలం. అయినా నీకంత అనుమానంగా ఉంటే కాచుకు తాగు."

"అడవిలో నిప్పు రాజేస్తే జరిమానా అని మీరే చాటింపు వేయించారు."

"అవును మరి! రూలు రూలే," అన్నాడు బొరియప్ప, తన రూలు ఎవరో గుర్తుపెట్టుకున్నందుకు సంతోషపడిపోతూ. "సరే, ఆడకూతురివి, ఇంత దూరం వచ్చావు. పరీక్షాధికారిని మీ వీధికి పంపిస్తాను. ఆయనే తేలుస్తాడు."

నీటి పరీక్షాధికారి పేరు మడుగయ్య. దున్న. ముత్తాత నాటి నుంచీ ఆ ఉద్యోగం వాళ్ళింట్లోనే ఉంది. పొద్దస్తమానం నీళ్ళలో పడుకునే జాతికంటే నీళ్ళ సంగతి ఇంకెవరికి తెలుస్తుందని పూర్వం ఎవరో అన్నారట. ఎలాంటి నీళ్ళలో అని మాత్రం ఎవరూ అడగలేదు.

అధికారి వస్తున్నాడనేసరికి వీధి వీధంతా హడావుడి పడింది. ఆకుపేట పేదదే గానీ మర్యాద తెలిసిన ఊరు. గడప తొక్కిన పెద్దవాడికి ఉత్త నీళ్ళిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఆడవాళ్ళు కుళాయి నీళ్ళు పట్టి, గుడ్డలో వడపోసి, వట్టివేళ్ళు వేసి, యాలకులు దంచి కలిపి, పైన ఇంత తేనె పోశారు. ప్రతి పరీక్షకూ ఇలాగే చేస్తారు. ప్రతి పరీక్షలోనూ నీళ్ళు నెగ్గుతాయి.

మడుగయ్య ఇప్పచెట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు. చారలమ్మ కిందికి దిగి లోటా అందించింది.

గోరింక రివ్వున వచ్చి వాలింది. "అయ్యో అయ్యో! ఆఫీసరుగారికి ఉత్త నీళ్ళా? వీధి పరువు తీస్తావా ఏమిటే! పక్కకు పెట్టు. అయ్యగారూ, ఇవి పుచ్చుకోండి."

"వదినా, పరీక్ష ఉత్త నీళ్ళకి," అంది చారలమ్మ.

"అయితే మాత్రం! ఇంటికొచ్చినాయన మనల్ని ఏమనుకుంటాడు?"

మడుగయ్య గోరింక ఇచ్చిన పానకం ఒక్క గుక్కలో తాగి త్రేన్చాడు. "అమృతం!"

"అయ్యా, ఇవి కూడా," అంటూ చారలమ్మ తన లోటా ముందుకు తోసింది.

మడుగయ్య ఉత్త నీళ్ళు తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి వాటిలో తడి ఉంది.

"తల్లీ, ఇవి ఇంకా బాగున్నాయి. అచ్చం మా మడుగులో నీళ్ళలాగే ఉన్నాయి. చిన్నప్పుడు మా అమ్మ పక్కన పడుకుని తాగినవి గుర్తొచ్చాయి."

ఆకుపేట నీళ్ళు అత్యుత్తమమని రిపోర్టు వెళ్ళింది. అడవి మొత్తం మీద ఉత్తమ జలం ఆకుపేటదేనని పురస్కారం ప్రకటించారు. పురస్కారం ఇవ్వడానికి సింహం రాజుగారే స్వయంగా వస్తున్నారని డప్పు కొట్టించారు.

గింజ ఆ డప్పుకు కళ్ళు కూడా తెరవలేదు.

ఆ సాయంత్రం బొరియప్ప ఓ కుండ ఎత్తించుకుని ఇప్పచెట్టు కిందికి వచ్చాడు.

"చూడు తల్లీ, సభలో ఊరి తరఫున ఒక అమ్మ లేచి రాజుగారికి కృతజ్ఞతలు చెప్పాలి. నువ్వు చెబితే బాగుంటుంది. అసలే నీది తక్కువ మాట. రెండు ముక్కలు చెప్పి దిగిపో. ఇదిగో, పిల్లకి నీళ్ళు. కొండ ఊట నీళ్ళు, రాజుగారి లైనువి. మా ఇంట్లో అందరం ఇవే..."

అక్కడికి వచ్చి నాలుక కరుచుకున్నాడు.

ఫిర్యాదు చేసిన నోటితోనే మెచ్చుకోలు పలికిస్తే ఇక ఊళ్ళో ఎవరూ నోరెత్తరన్నది ఆయన లెక్క. చారలమ్మకు ఆ లెక్క తెలియకపోలేదు. అయినా కుండ దించుకుంది.

"చూశావా, చైర్మన్‌గారిది ఎంత వెన్నలాంటి మనసో!" అంది గోరింక.

గింజ ఊట నీళ్ళు ఓ గుక్క తాగింది. అది కడుపులో నిలిచింది. ఇంకో గుక్క తాగింది. అదీ నిలిచింది.

"అమ్మా, ఇంకొంచెం," అంది.

ఆ పిల్ల నోరు తెరిచి ఏదన్నా అడిగి ఎన్నాళ్ళయిందో. చారలమ్మ మొహం అటు తిప్పుకుంది.

సభ నాటికి కుండ అడుగు కనబడింది. చారలమ్మ ఆ అడుగు వంక చాలాసేపు చూసి, తోక దువ్వుకుని సభకు బయలుదేరింది.

సభ మురుగు కాలువకు కాస్త ఇవతల, రెండు గొట్టాలూ పక్కపక్కన నడిచే చోట పెట్టారు. ఒకటి చెరువు నుంచి వచ్చి, కాలువ దాటి, ఆకుపేటకు పోతుంది. రెండోది కొండ ఊట నుంచి దిగి రాజుగారి గుహకు పోతుంది. రాజుగారి ముక్కుకు ఇబ్బంది కలగకూడదని కాలువ నిండా అడవిమల్లెలు చల్లారు. కాలువ మల్లెల్ని మింగేసి మళ్ళీ తన పని తాను చేసుకుంటోంది.

బొరియప్ప మాట్లాడాడు. బావమరిది మాట్లాడాడు. మడుగయ్య రిపోర్టు చదివి, వాళ్ళమ్మ గుర్తొచ్చి కాసేపు ఆగాడు. ఆ తర్వాత చారలమ్మను వేదిక ఎక్కించారు.

ఆవిడ రాజుగారికి దణ్ణం పెట్టింది.

"ఇంత మంచి నీళ్ళు మాకెందుకు మహారాజా? ఇవి మీరు తీసుకోండి. మీ లైను మాకివ్వండి."

అంతే. దిగిపోయింది.

మరుక్షణం గోరింక రెక్కలు టపటపలాడించింది. "ఉడతాభక్తి అంటే ఇదీ! మా వీధిదే, మా వీధిదే!"

రాజుగారి జూలు పులకరించింది. "ఆహా! ఉన్నవాటిలో మేలైనది రాజుకిచ్చి, రాజు వదిలేసింది తాను తాగుతానంటోంది! ఏమయ్యా చైర్మన్, మార్పించు."

బొరియప్ప మీసాలు వాలిపోయాయి. "ప్రభువులు చిత్తగించాలి... తమరికి అలవాటైన నీళ్ళు... ఉన్నట్టుండి మారితే..."

"ఏం? ఈ నీళ్ళు బాగోవా?"

"అయ్యయ్యో! అమృతం ప్రభూ!"

"మరి నాకు అమృతం ఇవ్వడానికి నీకేమిటయ్యా బాధ?"

బావమరిది తన చేతులతోనే రెండు గొట్టాలూ ఊడదీసి, ఇది దానికీ అది దీనికీ బిగించాడు. జనం చప్పట్లు కొట్టారు.

రాజుగారి వంటశాలలోనూ మర్యాదకు లోటు లేదు. రాజుగారికి ఉత్త నీళ్ళు ఎవరిస్తారు? వట్టివేళ్ళు, యాలకులు, తేనె. రాజుగారు కడవల కొద్దీ తాగి, "నిజమేనయ్యా, మన ఊట నీళ్ళు వీటి ముందు చప్పిడి," అన్నారు.

ఇక్కడ ఇప్పచెట్టు మీద గింజ తోక మొదట కాస్త కదిలింది. తర్వాత సగం లేచింది. ఓ పొద్దున నిటారుగా నిలబెట్టుకుని, గోరింక గూట్లోంచి రేగుపండు దొంగిలించి తిట్లు తింది. ఆ తిట్లు వింటూ చారలమ్మ తొర్రలో కూర్చుని ఏడ్చింది.

అదే పొద్దున అడవిలో రాజుగారి గర్జన వినబడలేదు. తర్వాత కూడా వినబడలేదు. గుహకూ వెనకున్న పొదలకూ మధ్య రాజుగారు పరుగులు తీస్తున్నారని మాత్రం కాకులు చెప్పుకున్నాయి.

వడ్రంగిపిట్ట డాక్టరును పిలిపించారు. డాక్టరు రాజుగారి పొట్ట మీద ముక్కు ఆనీ ఆనకుండా తాకించాడు.

"లోపం ఎక్కడుంది?" అన్నారు రాజుగారు నీరసంగా.

డాక్టరు నీళ్ళ రిపోర్టును తలుచుకున్నాడు. రాజుగారి పొట్ట చూశాడు. పొట్టకు ఇరుపక్కలా ఉన్న పంజాలు చూశాడు. రాజుగారి కడుపులో లోపం ఉందనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆకుపేట చరిత్రలో తొలిసారి లోపం నీళ్ళలో ఉందని తేలింది.

రాజుగారు ఓ చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఆనుకుంటూ గొట్టం వెంట నడిచి కాలువ దగ్గరికి వచ్చి, పగులూ దాని కింది గాదెలూ చూశారు. ఊరంతా మూగింది.

"అది వెదురు రంగు ప్రభూ..." అని మొదలుపెట్టిన బొరియప్ప, రాజుగారి చూపు తగిలేసరికి మిగతాది మింగేశాడు. "తప్పైపోయింది. ఇప్పుడే లైన్లు పాతలాగే మార్చేస్తాం. క్షణంలో పని. తమ నీళ్ళు తమవి, వాళ్ళ నీళ్ళు వాళ్ళవి. అంతా మామూలే."

రాజుగారు ఊరట పడి తలాడించబోయారు. చారలమ్మ పక్కనే ఉన్న కుందేలు తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఇంతకీ ఈ గొట్టాలు ఇలా మార్చడం ఎవరివల్లయినా అవుతుందా?" అన్నారు రాజుగారు, వెళ్ళబోతూ ఆగి.

"వెదురే కదా, పళ్ళున్నవాళ్ళెవరివల్లయినా అవుతుంది, మహారాజా," అంది చారలమ్మ.

రాజుగారు ఆవిడ పళ్ళు చూశారు. పక్కనున్న కుందేలు పళ్ళు చూశారు. వాళ్ళ వెనక ఎలుకలు, ఏదుపందులు, ఇంకా ఉడతలు, ఇంకా కుందేళ్ళు. ఎవరూ నోరు విప్పలేదు. అయినా పళ్ళన్నీ కనబడ్డాయి.

రాజుగారు తన గుహకు పోయే గొట్టం వంక ఓసారి చూసుకున్నారు.

"రెండు లైన్లలోనూ మంచి నీళ్ళే రావాలి," అన్నారు. "ఆ గాదెలు పూడ్చేయండి. కొత్త గొట్టం వేయండి. రోజూ తెల్లారగానే ఆకుపేట కుళాయి నీళ్ళు ముందు ఈ చైర్మన్ తాగాలి. నలుగురి ముందూ తాగాలి."

ఏళ్ళ తరబడి వీలుకాని పని పొద్దుగూకేలోగా అయిపోయింది. బొరియప్ప దగ్గరుండి మరీ చేయించాడు. బావమరిది గాదెలు తనే పూడ్చుకున్నాడు. మడుగయ్యను ఉద్యోగంలోంచి తీయలేదు. కొత్త నీళ్ళు తాగి, "ఏమిటో, మునుపటి రుచి లేదు," అని రాసి పంపాడు. అది చదివి ఊరంతా ధైర్యంగా తాగింది.

మర్నాడు తెల్లవారింది. కుళాయి దగ్గర జనం చేరారు. కుందేలు తల్లి కూడా వచ్చింది. ఇంతకుముందు రెండు కుండలు తెచ్చేది. ఇవాళ ఒకటే తెచ్చింది. డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఆ పిల్లకు ఇంకా కడుపులోనే లోపం. అది మార్చాలని ఎవరికీ తట్టలేదు.

బొరియప్ప లోటా పట్టుకున్నాడు. గోరింక రొప్పుకుంటూ వచ్చింది, ముక్కున యాలకులు.

"ఉండండి, ఉండండి! పాపం, చైర్మన్‌గారికి ఉత్త నీళ్ళా!"

చారలమ్మ లోటా మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉత్తవే, వదినా."

నీతి: జబ్బు పడవలసిన కడుపు జబ్బు పడితే గాని నీళ్ళలో లోపం బయటపడదు.