కొబ్బరినూనె పెట్టిన తుపాకి

శుక్రవారం పొద్దున గిరి వేసుకున్న లెక్క చిన్నదే. బాబాను, అంటే తన అరబ్బు యజమానిని, ముఐథర్ పేటలోని ఇంటి నుంచి ఎడారిలోని షూటింగ్ క్లబ్బుకు తీసుకెళ్ళాలి, పందెంలో బాబా తుపాకి గెలవాలి, సాయంత్రానికి సెలవు చేతికి రావాలి. అతను ఆ ఇంటి డ్రైవరు, ఊరు రాయచోటి దగ్గర. వచ్చే వారం అక్కడ బావమరిది పెళ్ళి.

"మా తమ్ముని పెండ్లికి రాకపోతే ఇంగ ఆడనే ఉండిపో" అని భార్య గంగులమ్మ ఫోన్లో చెప్పేసింది.

పందెం బాబాకూ, ఆయన బావమరిది అబూ జాబర్‌కూ మధ్య. ఇద్దరివీ ఒక తూటా పేలగానే ఇంకోటి దానంతటదే ఎక్కే తుపాకులే. తేడా లోపల ఉంది. బాబాది బరువు, దిట్టమైన ఇనుము. పేలిన తూటా పొగ ఒక కడ్డీని తోస్తే, ఆ కడ్డీ తూటాలెక్కించే బోల్టును వెనక్కి తోస్తుంది. అబూ జాబర్‌ది తేలిక. అందులో కడ్డీ లేదు. సన్న గొట్టంలోంచి పొగే వెనక్కి వచ్చి ఆ పని చేస్తుంది. బాబా దీన్ని నెలరోజులుగా వెనక సీట్లో కూర్చుని వివరిస్తున్నాడు. గిరికి అర్థమైంది ఇంతే: ఒకటి కావడి, ఒకటి కాలువ. రెండింటినీ ఇసుకలో పొర్లించి పేలుస్తారు. ముందు ఇరుక్కున్నది ఓడినట్టు.

"నాది గెలిస్తే నీకు టికెట్" అన్నాడు బాబా.

తుపాకి తుడవడం కూడా గిరి డ్యూటీయే. ఆ పొద్దున నూనె సీసాను తలకిందులు చేస్తే చుక్క రాలలేదు.

"ఏంటి గిరిబాబూ, మొహం అలా పెట్టావు?" అంది దయమ్మ. ఆ ఇంట్లో వంట ఆమెదే. ఊరు అమలాపురం పక్కన.

"నూనె అయిపాయ అక్కా. శుక్రారం నమాజు అయ్యేదాకా అంగళ్ళు తెరవరు."

"నూనెకి కరువేంటయ్యా! మా ఊరి గానుగ కొబ్బరినూనుంది. నా కుట్టుమిషను దీనిమీదే నడుస్తంది. కిర్రంటే ఒట్టు."

"ఇది తుపాకి అక్కా."

"అదీ మిషనేగా! రాసెయ్. ప్రభువు దయవల్ల నీ సెలవు నీకొచ్చేస్తది."

గిరి కడ్డీకీ, బోల్టుకూ, వేలు దూరిన చోటల్లా రాశాడు. మిగిలింది తలకు పట్టించాడు.

చలికాలమే అయినా కారులో ఏసీ లేకపోతే బాబాకు ఊపిరాడదు. క్లబ్బు చేరేసరికి తుపాకి మంచుగడ్డలా ఉంది. బాబా దాన్ని ఇసుకలో పొర్లించి, గురిచూసి పేల్చాడు. ఒక్కటి పేలింది. బోల్టు సగం దూరం వచ్చి ఆగిపోయింది. సందుల్లో పేరిన నెయ్యిలా తెల్లగా ఏదో కనిపించింది.

అబూ జాబర్ వంగి తుపాకిని వాసన చూశాడు. తర్వాత గిరి తలను వాసన చూశాడు.

"గిరీ, ఏమిటిది?" అన్నాడు బాబా, హిందీలో, చాలా మెల్లగా.

గిరికి పెళ్ళిపందిరి కళ్ళముందు కూలిపోయింది. "ఇండియా మిలిట్రీ నూనె బాబా. ఎండ తగిలితేనే పనిచేస్తాది."

"అయితే ఎండలో పెట్టండి, చూద్దాం" అన్నాడు అబూ జాబర్. పందెం అప్పుడే ముగించొచ్చు. కానీ వెక్కిరించే అవకాశాన్ని వదులుకునే బావమరిది ఏ దేశంలోనూ లేడు. అబూ జాబర్ బాబా తుపాకిని కారు బానెట్ మీద పెట్టించి, తనదాన్ని ఇసుకలో పొర్లించి పేల్చాడు. బాగానే పేలింది. గొప్ప కోసం మళ్ళీ పొర్లించాడు, మళ్ళీ పేల్చాడు. పొగంతా లోపలికే వచ్చే తుపాకి. మసీ ఇసుకా కలిసి, చివరికి అదీ బిగుసుకుపోయింది.

ఈలోగా ఎండెక్కింది. నూనె కరిగింది. "యల్లా! ఇక కానిద్దాం!" అని బాబా తన తుపాకి అందుకున్నాడు. తెచ్చిన తూటాలన్నీ అయిపోయేదాకా అది ఆగలేదు. క్లబ్బంతా కొబ్బరి వేపుడు వాసన. పందెం చూస్తున్న పెద్దమనుషులు లేచి, ముందు ఆగింది ఎవరిదైనా చివరిదాకా పేలింది బాబాదే అని తీర్పిచ్చారు.

బాబా గిరిని కావలించుకున్నాడు.

"బాబా, టికెట్..."

"మాఫీ!" అంటే అరబ్బీలో లేదని. "సెలవు లేదు. ఈ నూనె రాయడం ఇంకెవరికి తెలుసు? వేట సీజను అయ్యేదాకా కదలకు."

"మాటిచ్చినారు బాబా."

"నా తుపాకి గెలిస్తే అన్నాను. గెలిచింది నీ నూనె."

రాత్రి గంగులమ్మ ఫోన్ చేసింది. "తుపాకి గెల్సిందా?"

"గెల్సిందే."

"మరి సెలవు?"

"గెల్సినందుకే లేదు."

"అయితే దాన్నే కట్టుకో."

వారం తర్వాత, తలంబ్రాల వేళకు మాత్రం మనసు ఆగక ఆమె వీడియో కాల్ చేసి, ఫోను పందిరి వైపు తిప్పింది. గిరికి అక్షింతలు వేయడానికి చేతులు ఖాళీగా లేవు, రెండిటికీ కొబ్బరినూనే. అబూ జాబర్ కూడా తన తుపాకి పంపించాడు.